జీపు కమాన్లు, షాక్ అబ్జార్బర్లు: తక్కువ ఖర్చులో ఏది ముందు, ఏది తరువాత?

మన తాతల కాలంలో ఎడ్లబండ్లు రెండు రకాలు. ఇరుసు మీద నేరుగా పెట్టె కూర్చున్నది మోటుబండి. ఇరుసుకూ పెట్టెకూ నడుమ ఇనుప పట్టీల విల్లు అమర్చినది విల్లుబండి. ఎరువు, కట్టెలు, పత్తిమూటలు మోటుబండిలో వెళ్ళేవి. పెండ్లికూతురు, బాలింత, నడుము పట్టిన ముసలివారు విల్లుబండిలో వెళ్ళేవారు. కొండలకు ఆవల, తిరువాన్కూరు సంస్థానంలో, 1893లో అయ్యంకాళి తనవారికి నిషేధించిన రాజవీధిలో నడిపించినది కూడా విల్లుబండియే. ఆ బండి నాడు సుఖానికే గాక గౌరవానికి కూడా గుర్తు.

నేడు మన తోటల దారుల్లో తిరిగే జీపు క్రింద ఉన్నదీ ఆ విల్లే. పేరు మాత్రం కమాను అయినది. పర్షియను నుండి ఉర్దూ మీదుగా వచ్చిన ఆ మాటకు అర్థం కూడా విల్లే.

శ్రీవిల్లిపుత్తూరు, వత్రాయిరుప్పు, రాజపాళయం ప్రాంతాల కొండపాదాన తోటలున్నవారు, కోవిల్పట్టి, సాత్తూరు వైపు రేగడి చేలున్నవారు పాత జీపునో, బొలెరోనో, థార్‌నో ఇంటి బండిగా వాడుతున్నారు. ఈ బండ్ల కుదుపు తగ్గించి, బరువు మోసే శక్తి పెంచి, గుంతదారిలో చక్రం నేలను వదలకుండా చేయాలనే కోరిక అందరికీ ఉంటుంది. కార్ఖానాకు పోతే మాత్రం తలా ఒక మాట చెబుతారు. ఒకరు పట్టీలు చేర్చమంటారు, ఒకరు ఎత్తు పెంచమంటారు, ఇంకొకరు పెద్ద టైర్లు వేయమంటారు. చేతిలో ఉన్న కొద్ది డబ్బు ఏ వరుసలో ఖర్చు చేయాలో తెలుపుటయే ఈ వ్యాసం ఉద్దేశం.

కమాను పని వేరు, షాక్ అబ్జార్బరు పని వేరు

చాలామంది ఈ రెంటినీ ఒకటిగా భావిస్తారు. కమాను బండి బరువును మోస్తుంది. గుంత వచ్చినప్పుడు వంగి, ఆ దెబ్బను తనలో దాచుకుంటుంది. దాచుకున్నదానిని తిరిగి ఇచ్చివేయడం దాని స్వభావం. అందుచేత కమాను ఒక్కటే ఉంటే బండి ఒక గుంతకు పదిసార్లు ఊగుతుంది. ఆ ఊగును ఆపేది షాక్ అబ్జార్బరు. దాని లోపల నూనె ఉంటుంది. ముషలకం సన్నని రంధ్రాల గుండా ఆ నూనెను నెడుతూ కదలికను వేడిగా మారుస్తుంది. అది బరువు మోయదు. కాబట్టి వెనుకభాగం క్రుంగిన బండికి కొత్త షాక్ అబ్జార్బర్లు వేస్తే బండి లేవదు. ఊగే బండికి పట్టీలు చేర్చితే ఊగు ఆగదు. జబ్బు ఒకటి, మందు ఒకటి అయితే డబ్బు వృథా.

కమాను మెత్తదనాన్ని ఒక చిన్న లెక్కతో తెలుసుకోవచ్చు. తనపై ఉన్న బరువుకు కమాను 25 సెంటీమీటర్లు వంగితే బండి సెకనుకు సుమారు ఒకసారి ఊగుతుంది. 10 సెంటీమీటర్లు వంగితే సుమారు 1.6 సార్లు, 4 సెంటీమీటర్లు మాత్రమే వంగితే సుమారు 2.5 సార్లు ఊగుతుంది. మనుషులు ప్రయాణించే కార్లలో ఇది సాధారణంగా 1 నుండి 1.5 వరకు ఉంటుంది. 2 దాటిన కొద్దీ నడుముకు దెబ్బ తెలుస్తుంది. ఖాళీ జీపు ఎందుకు ఎగురుతుందో, నిండు జీపు ఎందుకు మెత్తగా పోతుందో ఇప్పుడు అర్థమై ఉంటుంది. బరువు పెరిగితే కమాను ఎక్కువ వంగుతుంది, ఊగు నిదానిస్తుంది.

పట్టీ మందం విషయంలో ఇంకొక సూత్రం ఉన్నది. పట్టీల సంఖ్య పెరిగితే గట్టిదనం అదే లెక్కన పెరుగుతుంది. అయిదు సమానమైన పట్టీలకు ఆరవది చేర్చితే సుమారు అయిదవ వంతు గట్టిపడుతుంది. కాని మందం పెంచితే గట్టిదనం దాని ఘనంగా పెరుగుతుంది. మందం పదవ వంతు పెరిగితే గట్టిదనం మూడవ వంతు పెరుగుతుంది. మందం రెట్టింపైతే గట్టిదనం ఎనిమిది రెట్లు. “కొంచెం మందం పట్టీ వేద్దాం సార్” అనే మాట వినబడినప్పుడు ఈ లెక్క గుర్తు చేసుకోవాలి.

మీ బండి క్రింద ఏమున్నది?

అన్ని బండ్లకూ ఒకే సలహా పనికిరాదు. మహీంద్రా వారి పాత ఎం.ఎం. 540 వంటి జీపులకు, 1985లో వచ్చిన మారుతి జిప్సీకి ముందూ వెనుకా కమాన్లే. ఈ రెంటి తయారీ నిలిచిపోయినా బండ్లు మన ప్రాంతంలో ఇంకా తిరుగుతున్నవి. 2000లో వచ్చిన బొలెరోకు వెనుక కమాన్లు ఉన్నవి, ముందు చుట్ట స్ప్రింగులతో రెండు చక్రాలూ వేరువేరుగా కదిలే అమరిక ఉన్నది. 2010 నాటి మొదటి థార్‌కు వెనుక కమాన్లు, ముందు మెలిపడి పనిచేసే టార్షన్ కడ్డీలు. 2020 అక్టోబరు 2న విడుదలైన రెండవ తరం థార్‌కు నాలుగు చక్రాల దగ్గరా చుట్ట స్ప్రింగులే. 2023లో వచ్చిన జిమ్నీకి కూడా అంతే.

ఈ తేడా ఖర్చును నిర్ణయిస్తుంది. కమానుకు ఒక పట్టీ తీయవచ్చు, ఒకటి చేర్చవచ్చు, విరిగిన దానిని మాత్రం మార్చవచ్చు. చుట్ట స్ప్రింగుకు ఆ వెసులుబాటు లేదు, మొత్తం మార్చవలసినదే. టార్షన్ కడ్డీ బోల్టు బిగిస్తే ముందుభాగం లేస్తుంది. అది పైసా ఖర్చు లేని పనిగా కనబడుతుంది. కాని దానివలన కడ్డీ గట్టిపడదు. గుంతలోకి చక్రం దిగగల దూరం మాత్రం తగ్గిపోతుంది. నాలుగు చక్రాల బండి అయితే ముందు చక్రాలకు శక్తినిచ్చే కీళ్ళు వంకరపడి త్వరగా అరుగుతాయి.

మన నేల, మన దారి

కొండపాదాన ఎర్రనేల, బండరాళ్ళు, వాగులు. అక్కడ వేగం ఉండదు. చక్రం ఎంత దిగగలదు, ఎంత లేవగలదు అనేదే ముఖ్యం. కోవిల్పట్టి వైపు నల్లరేగడి. ఐప్పసి, కార్తీక మాసాల వానలకు అది బంకలా చక్రానికి చుట్టుకుంటుంది. ఎండాకాలంలో నెర్రెలు విచ్చి, ఆరిన గాడులు ఇనుములా గట్టిపడతాయి. అక్కడ కావలసినది ఎత్తు కంటె పట్టు. ఇక నాలుగు వరుసల 44వ జాతీయ రహదారి మీద ఇదే బండి వేగంగా పోవాలి. అక్కడ కావలసినది నిలకడ. ఈ మూడింటిలో మీ బండి ఎక్కువ రోజులు ఎక్కడ తిరుగుతుందో చూచుకొని, దానికి తగినట్లు నిర్ణయించుకోవాలి. ఏడాదికి నాలుగుసార్లు వెళ్ళే కొండదారి కొరకు మిగిలిన దినాలను పాడుచేసుకోరాదు.

కొనుటకు ముందు నాలుగు కొలతలు

కార్ఖానాకు వెళ్ళే ముందు ఒక టేపు, ఒక నోటు పుస్తకం తీసుకోండి. చదునైన నేల మీద బండి నిలిపి, ప్రతి చక్రం దగ్గర ఇరుసు నుండి ఛాసిస్ వరకు ఎంత ఎడమున్నదో వ్రాసుకోండి. ముందు ఖాళీ బండికి, తరువాత మీరు మామూలుగా వేసే బరువుతో కొలవండి. కుడి ఎడమల మధ్య ఒక సెంటీమీటరుకు పైగా తేడా ఉంటే ఒక కమాను క్రుంగినట్లు లేదా ఒక పట్టీ విరిగినట్లు అనుమానించాలి. ఇరుసు వచ్చి తగిలే రబ్బరు దిమ్మ మీద కొత్త గీతలు, నలిగిన గుర్తులు ఉంటే కమాను బరువును మోయలేకున్నదని అర్థం.

షాక్ అబ్జార్బర్లకు రెండు పరీక్షలున్నవి. బండి మూలను బలంగా నొక్కి వదలాలి. లేచి ఒక్కసారి సర్దుకొని ఆగితే మంచిది. రెండు మూడుసార్లు ఊగితే అరిగినట్లు. రెండవది, ఎగుడుదిగుడు దారిలో పది నిమిషాలు నడిపి, వెంటనే నాలుగింటినీ చేతి వెనుకభాగంతో జాగ్రత్తగా తాకి చూడాలి. మూడు వెచ్చగా ఉండి ఒకటి చల్లగా ఉంటే ఆ చల్లనిది పని చేయుట లేదు. పని చేసేది వేడెక్కక తప్పదు.

ఖర్చుకు అయిదు మెట్లు

మొదటి మెట్టు టైరు గాలి. దీనికి ఖర్చు లేదు. గుంతదారిలో నిదానంగా పోయేటప్పుడు కంపెనీ చెప్పిన గాలిలో నాలుగవ వంతు తగ్గిస్తే టైరే మొదటి స్ప్రింగుగా పని చేస్తుంది, పట్టు కూడా పెరుగుతుంది. ట్యూబు ఉన్న టైరులో ఇంకా తగ్గిస్తే ట్యూబు జరిగి వాల్వు తెగే ప్రమాదమున్నది. తారురోడ్డు ఎక్కే ముందు గాలి తప్పక నింపుకోవాలి. తక్కువ గాలితో వేగంగా పోతే టైరు ప్రక్కలు వేడెక్కి పగులుతాయి. ఒక గాలి కొలిచే మీటరు, ఒక చిన్న పంపు బండిలో ఉంచుకోవాలి.

రెండవ మెట్టు బుష్షులు, షాకిల్ పిన్నులు, యు-బోల్టులు. పాత జీపులో వినబడే సగం చప్పుడు వీటిదే. అరిగిన బుష్షు వలన ఇరుసు ముందుకూ వెనుకకూ కదిలి, స్టీరింగు తిన్నగా నిలువదు. రబ్బరు బుష్షు మెత్తగా ఉంటుంది, చవక. పాలీయురేథేన్ బుష్షు ఎక్కువ కాలం మన్నుతుంది, కొంత గట్టిగా తోస్తుంది. ఇంటివారిని ఎక్కించుకునే బండికి రబ్బరే చాలు. కొందరు కమాన్ల మీద పాత ఇంజను నూనె పోస్తారు. అది దుమ్మును పట్టి పట్టీలను ఒరిపిస్తుంది, రబ్బరును ఉబ్బించి చెడగొడుతుంది. ఆ అలవాటు మానవలసి ఉన్నది.

మూడవ మెట్టు షాక్ అబ్జార్బర్లు. పెట్టిన డబ్బుకు అన్నిటికంటె ఎక్కువ ఫలితం ఇక్కడే దొరుకుతుంది. ఎప్పుడూ జతగా మార్చాలి. ఒక్కటే మార్చితే బండి ఒక ప్రక్కకు తూలుతుంది. నూనె మాత్రమే ఉన్న రకం చవక. నైట్రోజను వాయువు నింపిన రకం ఖరీదెక్కువ. రాళ్ళ దారిలో ఎక్కువసేపు నడిచినా నూనె నురగ పట్టదు, పట్టు సడలదు. రోజూ పది కిలోమీటర్ల తోటదారి ఉన్నవారికి మంచి నూనె రకమే సరిపోతుంది. ధర కంటె కొలత ముఖ్యం. పూర్తిగా ముడిచినప్పటి పొడవు, పూర్తిగా సాగినప్పటి పొడవు మీ బండికి సరిపోవాలి. పొట్టిది వేస్తే చక్రం దిగేటప్పుడు అదే తాడులా బిగిసి తెగుతుంది. పొడవైనది వేస్తే ఇరుసు లేచినప్పుడు లోపల నేలను తాకి పగులుతుంది.

నాలుగవ మెట్టు కమాను. కొలతల్లో క్రుంగు కనబడితేనే ఇక్కడికి రావాలి. విరిగిన పట్టీ ఒకటైతే దానినే మార్చవచ్చు. అన్నీ క్రుంగితే మొత్తం కట్ట మార్చడం మేలు. క్రుంగిన పట్టీని కొలిమిలో కాల్చి వంపు తిప్పితే కొన్నాళ్ళు ఎత్తుగా కనబడుతుంది. పదును సరిగా తిరిగి పెట్టకపోతే మళ్ళీ క్రుంగుతుంది, లేదా విరుగుతుంది. పట్టీకి వెల్డింగు ఎన్నడూ పెట్టరాదు. అతికిన చోటికి ప్రక్కనే అది పెళుసెక్కి విరుగుతుంది. బిగించిన తరువాత సుమారు 500 కిలోమీటర్లకు యు-బోల్టులను మరల బిగించాలి. ఈ ఒక్క పని మరచినందుకే మధ్యబోల్టు తెగి ఇరుసు జరిగిన బండ్లు ఎన్నో.

అయిదవ మెట్టు ఎత్తు పెంచుట. ఇది అందరూ మొదట అడిగేది. నా సలహా చివర అడగమని. కారణం వినండి. ఇరుసు గొట్టం మధ్య ఉబ్బెత్తుగా కనబడే డిఫరెన్షియలే కమాను జీపులో రాయికి మొదట తగిలే భాగం. అది చక్రాలతోబాటు ఇరుసు మీద ఉన్నది. కమాను ఎంత లేపినా దాని ఎత్తు మారదు. టైరు పెద్దదైతేనే అది లేస్తుంది. అది కూడా టైరు వ్యాసం ఒక అంగుళం పెరిగితే అర అంగుళమే. కాగా బండి బరువు కేంద్రం మాత్రం పైకి పోతుంది. ఉదాహరణకు చక్రాల మధ్య వెడల్పు 130 సెంటీమీటర్లు, బరువు కేంద్రం ఎత్తు 65 సెంటీమీటర్లు అనుకుందాం. కేంద్రం 5 సెంటీమీటర్లు లేస్తే ప్రక్కకు పడకుండా నిలిచే బలం సుమారు 7 శాతం తగ్గుతుంది. కాలువ గట్టు మీద, పిల్లలు వెనుక కూర్చున్నప్పుడు, ఆ 7 శాతం చిన్నది కాదు. బ్రేకు గొట్టాలు బిగుసుకొనుట, ప్రొపెల్లర్ షాఫ్టు కోణం మారి కీళ్ళు అరుగుట అదనం.

చేతిలో ఉన్న డబ్బును పది పాళ్ళు చేస్తే, నాలుగు పాళ్ళు షాక్ అబ్జార్బర్లకు, రెండు బుష్షులకు, పిన్నులకు, రెండు కమాను మరమ్మత్తుకు, ఒకటి చక్రాల అమరిక సరిచూచుటకు కేటాయించి, మిగిలిన ఒకటి మరల బిగింపుకు, అనుకోని ఖర్చుకు దాచుకోవాలి.

మా ఇంటి జీపు నేర్పిన పాఠం

ఈ వరుస పుస్తకంలో చదివి వ్రాసినది కాదు. కొండపాదాన ఉన్న మా మేనత్త తోటకు ఒక పాత జీపు ఉండేది. కొబ్బరికాయల బరువుకు వెనుకభాగం క్రుంగుతున్నదని ఒక కార్ఖానాలో చూపించాము. వారు కొలవలేదు, మేము కొలవమనలేదు. అయిదు పట్టీలున్న కట్టకు ప్రతి ప్రక్కా రెండేసి చేర్చారు. కాయలు నిండుగా వేస్తే బండి నిటారుగా నిలిచింది, మాకు సంతోషమైనది. ఖాళీగా పోతే మాత్రం కోడెదూడలా ఎగిరేది. మా అత్త రెండుసార్లు ఎక్కి, “ఇక నేను నడిచే వస్తానురా” అన్నది. ముసలివారి మాట అని నవ్వుకొన్నాము.

ఆ ఏడు ఐప్పసి వానల్లో ఒక రాత్రి అత్త కోడలికి నెలలు నిండకముందే నొప్పులు వచ్చినవి. తోట నుండి తారురోడ్డుకు రావాలంటే ఒక వాగు దాటాలి. నీరు మోకాలి లోతే, కాని క్రింద రాళ్ళు. బండిలో నలుగురమే ఉన్నాము. వెనుక ఎడమ చక్రం ఒక రాతి మీదికి లేచినప్పుడు కుడి చక్రం గుంతలోకి దిగవలసినది. గట్టిపడిన కమాను దానిని దిగనివ్వలేదు. చక్రం గాలిలో తిరిగింది, బండి నిలిచిపోయింది. తోట కావలివారు ఇద్దరు పరుగున వచ్చి, ఆ చక్రం మీది భాగాన ఎక్కి కూర్చున్నారు. వారి బరువుకు చక్రం నేలను తాకింది, బండి కదిలింది. పట్టణంలోని ఆసుపత్రికి సమయానికి చేరాము. తల్లీబిడ్డలు క్షేమం. ఆ బిడ్డ ఇప్పుడు బడికి పోతున్నది.

మరుసటి వారమే చేర్చిన రెండు పట్టీలలో ఒకటి తీయించి, బుష్షులు, షాక్ అబ్జార్బర్లు మార్పించాము. అంతకు మునుపు పట్టీలకు పెట్టిన ఖర్చులో సగం వృథా అయినది. కాయల బరువు కొరకు, అంటే వారానికి ఒక్కరోజు కొరకు, మిగిలిన ఆరు రోజులనూ, ఆ రాత్రినీ మేము లెక్కలో వేసుకోలేదు. అత్త నడుము చెప్పిన మాటే సరైన కొలత అని తరువాత తెలిసినది.

చట్టం, బీమా, అడవి

1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలకు భిన్నంగా, తయారీదారు నిర్దేశించిన దానికి విరుద్ధంగా బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని స్పష్టపరచినది. అదే ఏడాది వచ్చిన సవరణ ప్రకారం, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు యజమానికి 5000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని విధించవచ్చు. అరిగిన భాగానికి బదులు అదే కొలత, అదే రకం భాగం వేయుట మరమ్మత్తు మాత్రమే. ఎత్తు పెంచుట, టైరు కొలత మార్చుట వంటివి చేయదలచినవారు ముందుగా రవాణా కార్యాలయంలో విచారించాలి. బీమా సంస్థకు కూడా తెలియజేయాలి. ప్రమాదం జరిగిన తరువాత తెలిస్తే పరిహారం చిక్కుల్లో పడుతుంది.

బండి ఎంత బాగుపడినా అది మన తోటదారికే. శ్రీవిల్లిపుత్తూరు కొండల్లో 1988లో ఏర్పడిన బూడిదరంగు మలై ఉడుతల అభయారణ్యం, మేఘమలై అడవులతో కలిసి 2021 నుండి పులుల రక్షితారణ్యంగా ఉన్నది. అటవీశాఖ అనుమతి లేని దారిలో సరదాకు జీపు ఎక్కించుట నేరం.

చివరిగా ఒక మనవి. కార్ఖానాకు వెళ్ళేటప్పుడు వ్రాసుకున్న కొలతలు వెంట తీసుకొని వెళ్ళండి. మార్చిన పాత భాగాలను అడిగి ఇంటికి తెచ్చుకోండి. బిల్లు తప్పక తీసుకోండి. పని అయిన తరువాత బండిని ముందు మీరు నడిపి చూడకండి. వెనుక సీటులో మీ ఇంటి పెద్దవారిని కూర్చోబెట్టి, దగ్గరలోని గుంతదారిలో ఒక కిలోమీటరు తిప్పండి. దిగిన తరువాత వారేమంటారో వినండి. పని బాగున్నదా లేదా అన్నది వారే చెప్పగలరు.